మా పైచేను పటంలో ముదురు ఆకుపచ్చగా వచ్చింది: జీఐఎస్‌తో చీనీ నేలలు వెతికిన నా అనుభవం

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాయన ఒక మాట అన్నాడు. "పాపా, పైచేను నాలుగెకరాల్లో ఈసారి చీనీ పెడదామనుకుంటాండా. చెనిక్కాయ ఇంక చాలు." చెనిక్కాయంటే వేరుశనగ. అప్పటికి నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు టాపిక్ దొరక్క రెండు వారాలుగా తిరుగుతున్నాను. అనంతపురం తిరిగొచ్చే బస్సులో రెండూ కలిశాయి. చీనీకి, అంటే బత్తాయికి, ఏ నేల పనికొస్తుందో జీఐఎస్‌తో, అంటే కంప్యూటర్లో పటాల మీద లెక్కలు వేసే పద్ధతితో, తేల్చడం. 2024 జనవరి 24న మా గైడు మేడమ్ ఒప్పుకున్నారు. ముదిగుబ్బ, నల్లమాడ, కదిరి, మూడు మండలాలు తీసుకోమన్నారు. రిపోర్టు జూన్ 15కి ఇవ్వాలి. "ఐదు నెలలంటే బోలెడు టైము" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు జూనియర్లు ఎవరు ఫోన్ చేసినా "ఏ టూల్ వాడావక్కా?" అనే అడుగుతున్నారు. టూల్ బటన్లు నొక్కడానికి నాకు పట్టింది అంతా కలిపి రెండు రోజులు. మిగతా ఐదు నెలలు ఎక్కడ పోయాయో చెప్పడానికే ఇది రాస్తున్నా.

మొదట డేటా. పటాలు వేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం కాబట్టి దాని ఖర్చు లేదు. ఎత్తుపల్లాల డేటా కూడా ఉచితమే. 2000 ఫిబ్రవరిలో అమెరికా వాళ్లు స్పేస్ షటిల్‌లో రాడార్ పెట్టి 11 రోజుల్లో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం డేటా అది. నేను పుట్టకముందు కొలిచిన మా ఊరి గుట్టలు. మన ఇస్రో వాళ్ల భువన్ వెబ్‌సైటులో కార్టోశాట్ ఉపగ్రహం డేటా కూడా ఉంది, రెండూ దించాను. ఇలాంటి పటం చిన్న చిన్న చదరపు గడులుగా ఉంటుంది. రెండింటిలోనూ ఒక్కో గడి పక్క 30 మీటర్లు, అంటే ఎకరానికి నాలుగున్నర గడులు. కష్టపెట్టింది సెంటినెల్ ఉపగ్రహం బొమ్మలు. ఒక్కోటి దాదాపు ఒక జీబీ. హాస్టల్ వైఫై రాత్రి పదకొండు దాటితే గానీ కదలదు. నా ఫోన్లో రోజుకు ఒకటిన్నర జీబీ. అంటే రోజుకొక బొమ్మ. సగంలో ఆగిపోతే ఆ రోజు కథ అంతే. ఫిబ్రవరి అంతా ఇలాగే గడిచింది. మధ్యలో ల్యాప్‌టాప్ మొరాయిస్తే ర్యామ్ పెంచడానికి 2,100, హార్డ్ డిస్కుకు 4,300 అయ్యాయి.

నా మొదటి పటం ఫిబ్రవరి 12న వచ్చింది. వాలు పటం. చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడు మండలాల్లో ప్రతి గడీ 89 డిగ్రీల వాలే. చెరువు కింద మడి కూడా నిట్టనిలువు కొండచరియే. రెండు రోజులు డేటా చెడిందనుకొని మళ్లీ దించాను. సంగతేమిటంటే, అడ్డం కొలత అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉంది, ఎత్తేమో మీటర్లలో ఉంది. కంప్యూటర్‌కు ఆ తేడా పట్టదు. డిగ్రీని కూడా మీటరే అనుకొని, మీటరు దూరానికి వందల మీటర్లు ఎక్కినట్టు లెక్క కట్టింది. ముందు పటాన్ని మీటర్ల కొలతలోకి మార్చుకోవాలి, దానికి యూటీఎం జోన్లు అని ఉంటాయి.

అక్కడ ఇంకో చిక్కు. ఆ జోన్లు ఆరేసి డిగ్రీలకు ఒకటి. 43వ జోను 78 డిగ్రీల రేఖాంశం దగ్గర ఆగిపోయి, అక్కణ్నుంచి 44 మొదలవుతుంది. ముదిగుబ్బ 78కి ఇటు, కదిరి అటు. రాష్ట్రంలో ఇంత చోటుంటే ఆ గీత మా మీదుగానే పోవాలా అనిపించింది. కొన్ని బొమ్మలు 43లో, కొన్ని 44లో వచ్చాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి లెక్క చేయబోతే ఏవీ కుదరలేదు. మేడమ్‌ను అడిగితే "ఏదో ఒక జోను పట్టుకో, అన్నీ అందులోకి మార్చు, గీతకు అటు కొద్ది దూరం పోయినా పెద్ద తేడా రాదు" అన్నారు. 44 పట్టుకున్నాను. ఈ ఒక్క వాక్యం నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే తొమ్మిది రోజులు మిగిలేవి. ఇంకోటి, వాలు డిగ్రీల్లో వేరు, శాతంలో వేరు. పుస్తకాల్లో పంటల పట్టికలు శాతంలో ఉంటాయి, సాఫ్ట్‌వేర్ మామూలుగా డిగ్రీల్లో ఇస్తుంది. 3 డిగ్రీలంటే 5 శాతానికి పైనే. అది గమనించకపోతే పటం మర్యాదగా తప్పు చెప్తుంది.

మార్చి మొదట్లో నేలల డేటాకు వచ్చాను. అసలు కథ ఇదే. ఉచితంగా దొరికే నేలల పటాల్లో ఒకదానిలో గడి 250 మీటర్లు. కాగితం మీద లెక్క వేసుకొని చూశాను, ఒక్క గడి పదిహేనెకరాలకు పైన. మా పైచేను, దాని పక్కన పెదమామ చేను, మధ్యలో వంక, వంక గట్టున రాళ్లు, అన్నీ కలిపి ఒకే గడి, ఒకే రకం నేల. ముద్రించిన నేలల పటం 1:2,50,000 స్కేలుది. దాంట్లో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద పావు కిలోమీటరు. పెన్సిల్ మొన కింద మా నాలుగెకరాలు మాయం. అప్పుడు ఇది చూసి కూడా నేను పట్టించుకోలేదు. అందరూ ఇవే వాడతారు కదా అనుకొని ముందుకు పోయాను.

వర్షపాతం కూడా ఒక లేయర్‌గా, అంటే పటంలో ఒక పొరగా, పెట్టాలనుకున్నాను. ఆ డేటాలో గడి అయిదు కిలోమీటర్లకు పైన. మా జిల్లాలు మొత్తానికే ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ పడే చోటు. ఒక ఊరికీ పక్క ఊరికీ వాన తేడా ఉండదని కాదు, ఆ పటానికి కనబడదు. తీసేశాను.

మట్టి పరీక్షల జాబితా ఒకటి దొరికింది. ఒక్కో నమూనాకూ అక్షాంశం, రేఖాంశం ఉన్నాయి. సంతోషంగా పటం మీద వేస్తే ఒక్క చుక్కా లేదు. వెనక్కి జూమ్ చేస్తూ పోయాను. ఇండియా దాటి, యూరప్ దాటి, చివరికి చుక్కలన్నీ ఉత్తర ధ్రువం దగ్గర నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల మీద గుంపుగా దొరికాయి. అక్షాంశం కాలమ్‌లో 78 దగ్గరి అంకెలు, రేఖాంశంలో 14. అటుదిటు చేసి రాశారు. ఫోన్లో నాయనకు చెబితే "అక్కడ మంచు గదా, నీళ్లకు కరువుండదు, చీనీ పెట్టుకోవచ్చు" అన్నాడు. అంకెలు తిప్పాక చుక్కలు మా మండలాలకు వచ్చాయి. కానీ 61 చుక్కల్లో 19 ఒకే చోట, ఒక ఊరి నడిబొడ్డున ఉన్నాయి. చేలోకి పోకుండా ఊళ్లోనే నిలబడి లొకేషన్ కొట్టినట్టున్నారు. వాటిని తీసేశాను.

ఊళ్ల పేర్లు తెలుగులో టైప్ చేస్తే అన్నీ ప్రశ్నార్థకాలుగా మారడం, షేప్ ఫైల్ అనే పటం ఫైలు కాలమ్ పేర్లను పదక్షరాలకు కత్తిరించేయడం, ఇలాంటివి చాలా ఉన్నాయి. వాటి జోలికి పోను, అందరికీ జరిగేవే. తెలుగు అక్షరాలకు యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ పెట్టుకోండి, పేర్లు చిన్నవి పెట్టుకోండి.

తర్వాత తూకాలు. ఆరు అంశాలు తీసుకున్నాను: నేల లోతు, పీహెచ్–సున్నం, నీరు ఇంకే గుణం, వాలు, నీటి వసతి, రోడ్డు దూరం. ఏది ఎంత ముఖ్యమో తేల్చడానికి శాటీ అనే ఆయన చెప్పిన ఏహెచ్‌పీ పద్ధతి వాడతారు. రెండేసి అంశాలను పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువ, ఎన్ని రెట్లు ఎక్కువ అని 1 నుంచి 9 లోపు అంకె వేయాలి. ఆరింటికి పదిహేను జతలు. చివర్లో నీ జవాబుల్లో ఒకదానికొకటి పొంతన ఉందా లేదా అని ఒక నిష్పత్తి వస్తుంది. అది 0.10 దాటకూడదు. నాది 0.23 వచ్చింది. అంటే లోతు వాలు కంటే ముఖ్యం, వాలు రోడ్డు కంటే ముఖ్యం అని చెప్పి, తీరా రోడ్డూ లోతూ సమానమే అన్నట్టు రాశానన్నమాట. మేడమ్ కూర్చొని నింపితే 0.14. ఆమె కాసేపు మౌనంగా చూసి "మళ్లీ చేద్దాం" అన్నారు.

మార్చి 10 రాత్రి, ఊరికే, నాయనకు ఫోన్ చేసి ఆ పదిహేను ప్రశ్నలూ అడిగాను.

"నాయనా, నీళ్లా, నేల లోతా?"

"నీళ్లు."

"ఎన్ని రెట్లు?"

"రెట్లేంది పాపా! నీళ్లు లేకుంటే లోతు ఏం జేసుకుంటావు?"

5 వేసుకున్నాను. "రోడ్డు దగ్గరుండటమా, చేను చదునుగా ఉండటమా?"

ఇక్కడ ఆలోచించాడు. "కాయ లారీ ఎక్కాల గదా. అయినా రోడ్డు ఎప్పుడన్నా వస్తాది. నేల రాదు. నేలే రాసుకో."

పదిహేనూ అయ్యేసరికి ముప్పావు గంట పట్టింది. లెక్క వేస్తే నిష్పత్తి 0.07. ముగ్గురిలోకీ పొంతన ఉన్న మనిషి నాయనే. మేడమ్‌కు చెబితే గట్టిగా నవ్వి, "రైతు అభిప్రాయం అని రాసి అదే వాడు" అన్నారు.

నీటి లేయర్ గురించి నిజం చెప్పాలి. అన్నిటికంటే ఎక్కువ తూకం దానికే పడింది, అన్నిటికంటే బలహీనమైన డేటా కూడా దానిదే. చెరువులకు, వంకలకు ఎంత దూరమో కొలిచాను. భూగర్భ జలమట్టం కొలిచే బావులు మూడు మండలాలకూ కొన్నే ఉన్నాయి. వాటి అంకెల మధ్య కంప్యూటర్ నున్నగా రంగులు పూస్తుంది, చూడ్డానికి అందంగా ఉంటుంది. కానీ మాది గ్రానైటు రాయి అడుగున్న నేల, రాతిలో పగులు ఎటు పోతే నీళ్లు అటు. మా బోర్లో 620 అడుగులకు ఇంచిన్నర నీళ్లు. గట్టుకు అవతల పెదమామ 900 అడుగులు వేయిస్తే దుమ్ము లేచింది. పటంలో రెండు చేలకూ ఒకే నీలం.

ఏప్రిల్ 6 రాత్రి రెండింటికి మొత్తం పటం తయారైంది. ఆరు లేయర్లూ తూకాలతో కలిసి ఒకటయ్యాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వాళ్లు 1976లో పెట్టిన వర్గాల ప్రకారం రంగులు: బాగా అనుకూలం ఎస్1 ముదురు ఆకుపచ్చ, ఓ మోస్తరు ఎస్2 లేత ఆకుపచ్చ, అంతంతమాత్రం ఎస్3 పసుపు, పనికిరానిది ఎన్ బూడిద రంగు. మొట్టమొదట ఏం చేసి ఉంటానో మీకు తెలుసు. మా చేను వెతికాను. నాలుగెకరాలూ ముదురు ఆకుపచ్చ. ఒక్క మచ్చ లేదు. రూమ్మేట్‌ను నిద్ర లేపి చూపించాను.

ఏప్రిల్ 9 ఉగాది. ఏ3 కాగితం మీద ప్రింటు తీసుకొని ఇంటికి పోయాను. పచ్చడి తిన్నాక నాయన వసారాలో కింద కూర్చొని పటం పరిచాడు. చెరువు కట్ట మీద వేలు పెట్టి, అక్కణ్నుంచి బండిదారి పట్టుకొని, ఎవరూ చెప్పకుండానే పైచేనుకు వచ్చాడు. కాసేపు చూశాడు.

"ఈ మూల కూడా పచ్చగానే ఉండాదే?"

"అంతా ఎస్1 నాయనా. మొదటి రకం."

"అట్ల కాదు పాపా. ఈశాన్యం మూల చెనిక్కాయ ఏటా ఆకు పచ్చబడతాది. మీ అబ్బ కాలం నుంచీ అంతే. ఆడ ఇత్తనం దండగ."

పచ్చబడటం అంటే మా వైపు పసుపు రంగుకు తిరగడం. నేను ఆకుపచ్చ అంటుంటే ఆయన పచ్చ అంటున్నాడు. నవ్వుకునే లోపే చొక్కా జేబులో పెన్ను తీసి పటం మీద మూల చుట్టూ వంకరగా ఒక గీత గీసేశాడు. ఎకరంన్నర దాకా ఉంటుంది. నాకు చిర్రెత్తింది. "నాయనా, ప్రింటు పాడుజేసినావు" అన్నాను. ఐదు నెలల ప్రాజెక్టులో నేను సిగ్గుపడాల్సిన మాట ఏదైనా ఉంటే అదే. ఆయన ఏమీ అనలేదు, పెన్ను క్యాపు పెట్టుకొని లేచి పోయాడు.

ఏప్రిల్ 16 నుంచి 18 దాకా బండి మీద తిరిగి 24 చోట్ల మట్టి తీశాను. ఒక్కో నమూనాకు 350, అంటే 8,400. పది రోజుల్లో రిపోర్టు అన్నారు ల్యాబు వాళ్లు. తర్వాత ఫోన్ చేస్తే "ఎలక్షన్ డ్యూటీ మేడమ్, పోలింగ్ అయ్యాక" అన్నారు. పోలింగ్ మే 13. రిపోర్టు చేతికొచ్చింది మే 27, అంటే 39 రోజులు. ఎన్నికల ఏడాది ప్రాజెక్టు పెట్టుకునేవాళ్లు దీన్ని క్యాలెండర్లో రాసుకోండి.

ఆ ఖాళీలో పటం నిజమా కాదా అని సరిచూడటానికి 42 చోట్లకు పోయాను. పొద్దున్నే అయిదున్నరకు బయల్దేరి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరేదాన్ని, ఆ తర్వాత మే ఎండలో ఫోన్ కూడా వేడెక్కి ఆగిపోతుంది. ఉన్న చీనీ తోటల్ని చూసి పటంతో పోల్చడం నా ఆలోచన. తలుపుల అనే ఊరికి పోయే రోడ్డు వైపు ఒక పెద్దాయన చేలో నిలబడి, "ఇక్కడ తోట బాగా వచ్చేలా ఉంది, ఎందుకు పెట్టలేదు పెద్దాయనా?" అని అడిగాను. "పెట్టినాం మ్మా. ఆరేండ్లు పెంచి పీకేసినాం. ఎండుతెగులు" అన్నాడు. చెట్లు ఉన్న చోట పెట్టిన చుక్కలన్నీ బతికిన తోటలవే. పీకేసిన తోట ఉపగ్రహానికి ఉత్త చేనులా కనిపిస్తుంది. అప్పటి నుంచి ప్రతి చోటా "ఇంతకుముందు ఏం పెట్టినారు?" అని అడగడం మొదలుపెట్టాను. 42లో పటం సరిగ్గా చెప్పింది 25. అరవై శాతం. బొమ్మాబొరుసూ వేసినదానికంటే కొంచెం నయం.

మనసులో నాయన గీసిన గీత మెదులుతూనే ఉంది. మే 19 ఆదివారం. ఊళ్లో చెరువు పూడిక పనికి వచ్చిన జేసీబీని బతిమాలి రెండు గంటలు పైచేనుకు తెచ్చాం. గంటకు 1,200. మూడు గుంతలు తీయించాం, ఒకటి పల్లపు వైపు, ఒకటి నడుమ, ఒకటి ఈశాన్యం మూల. మనిషి నిలబడితే ఛాతీ దాకా వచ్చే లోతు. పల్లపు గుంతలో పైనుంచి కిందిదాకా ఎర్రమట్టే, చేతిలో పిసికితే ముద్ద అవుతుంది. నడుమ గుంత కూడా దాదాపు అంతే.

మూల గుంతలోకి దిగాను. పైన అదే ఎర్రమట్టి. జానెడు, రెండు జానలు. టేపు పెట్టాను, 55 సెంటీమీటర్ల దగ్గర గోడలో తెల్లటి చార మొదలైంది. ఉసిరికాయలంత సున్నపు గడ్డలు, వాటి మధ్య బూడిద పూసినట్టు మట్టి. అనంతపురంలో 180 రూపాయలకు కొన్న పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ సీసా తీశాను. దాన్ని బస్సులో తెస్తుంటే కండక్టరు వాసన పట్టి దించేస్తానన్నాడు, అది వేరే కథ. తెల్ల చార మీద రెండు చుక్కలు వేస్తే గోలీసోడా కొట్టినట్టు బుస్సుమని పొంగింది. పైన ఎర్రమట్టి మీద వేస్తే చప్పుడే లేదు. నాయన గట్టు మీద గొంతుక్కూర్చొని చూస్తున్నాడు. "ఏమంటాది?" అన్నాడు. "నువ్వు చెప్పిందే అంటోంది" అన్నాను.

చీనీకి కనీసం మీటరు లోతు మంచి నేల కావాలి. వేరు సున్నం పొరను తాకితే చెట్టుకు ఇనుము, జింకు అందవు. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో ఆకు పసుపుబారుతుంది. చెనిక్కాయలోనూ ఆ మూల ఏటా జరుగుతున్నది అదే. మొక్క పెట్టిన రెండేళ్లు బాగానే ఉంటుంది, వేరు కిందికి దిగాకే తెలుస్తుంది. ఎకరంన్నరంటే నూట అరవై దాకా మొక్కలు, అయిదేళ్ల పెంపకం. ఆ గుంతలో నిలబడి ఆ లెక్క వేసుకుంటే ఒళ్లు చల్లబడింది.

ఇక నా తప్పులు. మే 27న వచ్చిన రిపోర్టులో మూల మట్టి పీహెచ్ 7.6 అని ఉంది, పెద్ద అభ్యంతరం లేని అంకె. ఎందుకంటే నేను మట్టి తీసింది పై 15 సెంటీమీటర్లలో, చెనిక్కాయకు తీసినట్టు. పండ్ల తోటకు అడుగడుగుకూ వేరుగా, మూడడుగుల దాకా తీయాలి. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. 8,400లో సగానికి సగం వృథా. రెండోది, పదిహేనెకరాల గడి. మూడోది అన్నిటికంటే పెద్దది, ఆ తూకాల లెక్క స్వభావమే. అందులో ఒకచోట తగ్గితే ఇంకోచోట పూడుతుంది. చదునుగా ఉంది, రోడ్డు దగ్గర, చెరువు దగ్గర, కాబట్టి సున్నం ఉన్నా సగటు మీద పాస్. నా లేయర్లో సున్నం సరిగ్గా పడి ఉన్నా ఆ మూల ఎస్2గా బయటపడేది. కడివెడు పాలలో విషపు చుక్కకు కూడా మార్కులు వేసి సగటు తీసే లెక్క అది.

మేడమ్‌కు ఫోటోలు పంపి ఫోన్ చేశాను. కోప్పడతారనుకున్నా. "జూన్ 15 కదా గడువు" అని మాత్రం అన్నారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర లేదు. మర్నాడు ఆవిడే ఫోన్ చేసి, లోతు, సున్నం, నీరు నిలవడం, ఈ మూడింటినీ తూకాల్లోంచి బయటికి తీయమన్నారు. వీటిలో ఏ ఒక్కటి దెబ్బకొట్టినా మిగతావి ఎంత బాగున్నా ఆ చోటు పోయినట్టే లెక్క. మిగిలిన చోట్లకే తూకాలు. పటం మళ్లీ మొదటి నుంచి.

సున్నం ఎక్కడుందో మూడు మండలాల్లో గుంతలు తవ్వి తెలుసుకోలేను కదా. అప్పుడు నాయన మాట పట్టుకొని సెంటినెల్ బొమ్మలకు వెళ్లాను. వాటిలో గడి 10 మీటర్లే, ఎకరానికి నలభై గడులు. 2019 నుంచి 2023 దాకా సెప్టెంబరు బొమ్మలు వెతికితే మబ్బు లేనివి నాలుగేళ్లవి దొరికాయి. పచ్చదనం లెక్క వేసి మా చేను మీదికి జూమ్ చేశాను. నాలుగేళ్లూ ఈశాన్యం మూల పాలిపోయి ఉంది. దాని అంచు నాయన పెన్ను గీతకు రెండు మూడు గడుల తేడాతో సరిపోయింది. ఆయన ఆ పటం మీద స్కేలు కూడా పెట్టలేదు.

ప్రతి పాలిపోయిన గడీ సున్నమే అనలేం. విత్తనం ఆలస్యమైనా, కలుపు తీయకపోయినా అలాగే ఉంటుంది. అందుకే అన్ని ఏళ్లూ పాలిపోయిన చోట్లకు "గుంత తీసి చూడాలి" అని వేరే వర్గం పెట్టి గళ్ల గీతలు వేశాను. కొత్త పటంలో ముదురు ఆకుపచ్చ బాగా తగ్గింది. గోడకు తగిలిస్తే మొదటిదంత అందంగా లేదు. 42 చోట్లతో పోలిస్తే మాత్రం 34 కుదిరాయి. పెద్ద ప్రింట్లు మళ్లీ తీయాల్సి వచ్చింది, రెండుసార్లకూ కలిపి 1,800. పెట్రోలు 3,700. అన్నీ కూడితే దాదాపు 23 వేలు. ఇందులో టూల్‌కు పోయింది సున్నా.

రిపోర్టు జూన్ 15న సాయంత్రం నాలుగున్నరకు ఇచ్చాను. వైవా జూన్ 28. బయట నుంచి వచ్చిన సార్ ఏహెచ్‌పీ గురించి రెండు ప్రశ్నలు అడిగి, పటాల పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగారు. నాయన గీసిన గీతను కూడా డిజిటైజ్ చేసి ఒక లేయర్‌గా పెట్టాను.

"ఈ హద్దు ఎక్కణ్నుంచి వచ్చింది? సోర్స్ రాయలేదే?"

"మా నాయన గీశాడు సార్. బాల్‌పెన్నుతో."

గదిలో రెండు క్షణాలు నిశ్శబ్దం. "మరి ఆయన పేరు రాయాలి కదా" అన్నారు. అక్కడే పెన్నుతో రాసిచ్చాను.

ఆగస్టు రెండో వారంలో మొక్కలు పెట్టాం. రంగపూర్ నిమ్మ మీద కట్టిన సాత్‌గుడి అంట్లు, ఆరు మీటర్ల ఎడం, రెండున్నరెకరాల్లో 280. ఇది రాసేటప్పటికి పదకొండు పోయాయి, వాటి స్థానంలో కొత్తవి వేయాలి. కాపు చూడాలంటే ఇంకో నాలుగైదేళ్లు. మూల ఎకరంన్నరలో కంది వేశాడు.

ఇంచిన్నర నీళ్లు అంత తోటకు ఎండాకాలం చాలవని రెండో బోరు ఆలోచన ఉంది. "నీ కంప్యూటర్లో నీళ్లు యాడుండాయో పడదా పాపా?" అని అడిగాడు. పడదని చెప్పాను. మర్నాడే కొబ్బరికాయతో పాయింటు చూసే ఆయన వచ్చాడు. 1,500 రూపాయలు, భోజనం. అరచేతిలో కాయ పెట్టుకొని చేనంతా నడిచాడు. నేను గట్టు మీద నిలబడి నమ్మకుండా చూస్తున్నాను. ఈశాన్యం మూలకు పోయాక, కంది సాళ్ల మధ్య, కాయ లేచి నిలబడింది. సరిగ్గా మేం గుంత పూడ్చిన చోటికి పది అడుగుల దూరంలో.

నాయన నా వైపు తిరిగి అన్నాడు. "సూస్తివా, నేలేమో పనికిరాదంట. నీళ్లేమో ఈడే ఉండాయంట."